రెండో కెపాసిటర్

"లోపల మా మనిషి చూస్తుండు. జర కూసోండ్రి, అయిపోతది."

అబిడ్స్ పెద్ద రోడ్డు మీంచి పక్కకు తిరిగిన సందులో, పాత మెట్ల కింద ఇరికించినట్టుండే దుకాణం అది. కౌంటర్ దగ్గర రత్నాకర్ ఈ మాట రోజుకు పదిసార్లన్నా అంటాడు. ప్లైవుడ్ అడ్డానికి వెనక కూర్చున్న అతని భార్య శశికళ దాన్ని పదకొండేళ్లుగా వింటోంది. చూస్తున్నది తను. ఇన్వర్టర్ బోర్డు, వాషింగ్ మిషన్ బోర్డు, ఏది వచ్చినా విప్పి, మీటర్ పట్టుకుని, ఎక్కడ చెడిందో కనిపెట్టేది తను. కాని "చూస్తుండు" అన్న మాటలో ఆ చివరి అక్షరం పలికినప్పుడల్లా ప్లైవుడ్ వెనక ఎవరో మగమనిషి వచ్చి కూర్చుంటాడు, శశికళ లేకుండా పోతుంది. మొదట్లో ఒకసారి అడిగింది, అట్లెందుకంటరు అని. "ఆడామె చేసిందంటె గిరాకోళ్లు నమ్మరు. మనకే నష్టం గద" అన్నాడు రత్నాకర్, కోపమేమీ లేకుండానే. ఆమె మళ్లీ అడగలేదు.

ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక వీధిలో. ఐదింటికి లేచి, అత్తగారు ప్రభావతమ్మకు ఉప్పు లేని కూర ఒకటి, భర్తకూ కూతురికీ ఇంకొకటి వండి, బట్టలు ఆరేసి, గిన్నెలు బోర్లించి, రెండు టిఫిన్ డబ్బాలు పట్టుకుని పదకొండుకల్లా దుకాణానికి నడిచొస్తుంది. నాలుగింటికి మళ్లీ ఇంటికి. మధ్యలోని ఆ ఐదు గంటలను అత్తగారు చుట్టాలతో "మా కోడలు దుకాణంల కాసేపు కూసోని వస్తది" అని చెబుతుంది. కూర్చోవడమే. వంట చేయడం పని, అంట్లు తోమడం పని, అవి ఎంత చేసినా పేరు లేని పనులు. ఇదైతే పని కూడా కాదు.

నిజానికి ఆ కూర్చోవడమే ఆమెకు ఇష్టం. డయోడ్‌కు ఒక వైపు నుంచి మీటర్ ప్రోబులు ఆనిస్తే సున్నా పాయింట్ ఐదు చూపిస్తుంది, తిప్పి ఆనిస్తే ఏమీ చూపించదు. రెండు వైపులా పలికిందంటే అది పోయినట్టు. కెపాసిటర్‌ను మాత్రం బోర్డు మీద ఉండగా కొలవకూడదు. ముందు దాంట్లో దాగిన కరెంటు వదిలించి, ఒక కాలు ఊడదీసి అప్పుడు కొలవాలి, లేకపోతే పక్కవాటి లెక్క కూడా కలిసిపోయి తప్పు అంకె వస్తుంది. ఇంట్లో ఆమె ఏదడిగినా "చూద్దాం తీయ్" అనే జవాబు. ఇక్కడ అడిగిన వెంటనే ఒక అంకె. మంచిదో చెడ్డదో, అడిగినందుకు జవాబంటూ ఒకటి వచ్చేది మీటర్‌కుండే ఆ చిన్న అద్దం మీదే.

ఈ విద్య నాంపల్లి పాలిటెక్నిక్‌లో నేర్చుకున్నది. పెళ్లయిన రెండో ఏడు ఆ కాలేజీ మేడమే కబురు పెట్టింది, ల్యాబ్‌లో అసిస్టెంట్ పోస్టు ఉంది, నీ చెయ్యి నిలకడగా ఉంటుంది, నువ్వొస్తే పిల్లలకు మంచిది అని. శశికళ ఆ మాట రెండు రోజులు మనసులో పెట్టుకుని తిరిగి, మూడోరోజు అన్నం వడ్డిస్తూ చెప్పింది. "సొంత దుకాణం ఉండంగ మందికి నౌకరి చేసుడేంది బిడ్డా" అంది ప్రభావతమ్మ. "ఔ శశీ, మన దుకాణంలనే కూసో. నాక్కూడ ఆసర" అన్నాడు రత్నాకర్. కూర్చుంది. వారం తిరగకముందే ప్లైవుడ్ అడ్డం వచ్చింది. గిరాకోళ్లు మగవాళ్లొస్తారు, కోడలు ఎదురుగా కూర్చుంటే బాగుండదని అత్తగారే పెట్టించింది. మేడం మళ్లీ పిలవలేదు. పిలిస్తే వెళ్లేదా అని ఇప్పటికీ తనను తను అడుగుతుంది. ఆ అడగడం కూడా అంట్లు తోమేటప్పుడే, చేతులు పనిలో ఉన్నప్పుడే.

ఆ ఇంట్లో ఆమెకు అబ్బిన అలవాటు ఒకటుంది. ఏ మాటైనా ఒకసారి చెప్పడం. రెండోసారి చెబితే దాని పేరు లొల్లి. "చెప్పినవు గద. ఇంటె ఇంటడు, లేకుంటె లేదు. మల్ల మల్ల అంటె మొగోనికి తల తిర్గుతది" అని అత్తగారు కొత్తలోనే నేర్పింది. పాపను ఏ బడిలో వేయాలనేదీ, నాన్న వెంకటేశానికి బాగలేనప్పుడు నాలుగు రోజులు ఉండి రావాలనేదీ, అన్నీ ఒకసారే చెప్పింది. కొన్ని జరిగాయి, చాలా జరగలేదు. జరగనివాటి మీద కోపం కూడా రాకుండా పోయింది. ఇంట్లో దాన్ని అందరూ శశి మంచితనం అన్నారు.

పోయిన ఎండాకాలం ఒక ఆదివారం పొద్దున, గిరాకీ ఎక్కువై ఆ రోజు కూడా దుకాణం తెరిచినప్పుడు, చాదర్‌ఘాట్ నుంచి అంజన్ అనే అతను ఆక్సిజన్ మిషన్ ఒకటి ఆటోలో వేసుకొచ్చాడు. లక్డీకాపూల్‌లో ఏదో ఆఫీసులో డ్రైవరు. వెంట భార్య భాగ్య. మిషన్ అతని తండ్రి వెంకటనర్సయ్యది. నలభై ఏళ్లు సిమెంటు పని చేసి ఊపిరితిత్తులు పాడైన మనిషి, ముక్కుకు ఆ గొట్టం లేకుండా గంట కూడా కూర్చోలేడట. మిషన్ నడుస్తూ నడుస్తూ ఆగిపోతోంది. సాయంత్రానికి ఇచ్చేస్తానన్నాడు రత్నాకర్.

శశికళ బోర్డు తీసింది. పక్కపక్కనే రెండు కెపాసిటర్లు. ఒకటి నెత్తి ఉబ్బి, చూడగానే తెలిసిపోతోంది. దాని బదులు దుకాణంలో ఉన్నది వేసింది. రెండోది పైకి చక్కగానే ఉంది. అయినా ఒక కాలు ఊడదీసి కొలిచింది. ఒంటి మీద వెయ్యి అని రాసి ఉంది. మీటర్ ఆరు వందల పది అంది. ప్రోబులు తుడిచి మళ్లీ కొలిచింది. ఆరు వందల పది. అలాంటిది దుకాణంలో ఇంకొకటి లేదు, ఆదివారం గనక సామాను కొట్లన్నీ మూసి ఉన్నాయి. కాలు మళ్లీ అతికించి మిషన్ ఆన్ చేసింది. రెండు గంటలు బాగానే నడిచింది.

సాయంత్రం అంజన్ వచ్చినప్పుడు రత్నాకర్‌ను లోపలికి పిలిచి మెల్లగా చెప్పింది. "రెండోది గూడ పోయేటట్టున్నది. ఆరువందల పదే చూపెడ్తుంది. రేపు కొత్తది ఏసి ఇద్దాం. సిలిండర్ కిరాయికి తెచ్చుకున్నరట, రేపటిదాంక ఎల్లుతది."

"రెండు గంటలు నడిచింది గద?"

"నడిచింది గని..."

"నువ్వు మరీ పుస్తకంల ఉన్నట్టు చూస్తవ్. ఇయ్యాల్నే ఇస్తనన్న, మాట పోతది." అతను బయటికి వెళ్లి, "అయిపోయింది, తీస్కపోండ్రి. మా టెక్నీషియన్ అంత చెక్ చేసిండు" అన్నాడు.

ప్లైవుడ్‌కు అటువైపు మిషన్ ఎత్తుతున్న చప్పుడు, "పైలం, పైలం" అంటున్న భాగ్య గొంతు వినిపించాయి. శశికళ లేచి నిలబడింది. నాలుగడుగులు వేసి, తీసుకుపోకండి అంటే చాలు. గడియారం నాలుగున్నర చూపిస్తోంది, ఇంటికి ఆలస్యమైంది. ఒకసారి చెప్పాను కదా అనుకుంది. టిఫిన్ డబ్బాలు సంచిలో పెట్టుకుంది.

మిషన్ తొమ్మిది రోజులు నడిచింది. పదోరోజు మధ్యాహ్నం, భాగ్య మేడ మీద బట్టలు ఆరేస్తుండగా ఆగిపోయింది. ఆమె కిందికి వచ్చేసరికి ముసలాయన మంచం కోడు పట్టుకుని ఒగరుస్తున్నాడు. సిలిండర్ అప్పటికే వాపసు ఇచ్చేశారు. ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు. నాలుగోరోజు పోయాడు. మిషన్ వల్లనే అని డాక్టర్లు అనలేదట, కాదు అని కూడా అనలేదట.

ఈ సంగతంతా శశికళకు తెలిసింది దినాలైన తర్వాత, వాళ్లు మిషన్ తీసుకుని దుకాణానికి వచ్చిన రోజున. అంజన్, అతని అక్క నవత కౌంటర్ దగ్గర నిలబడ్డారు. భాగ్య లోపలికి రాలేదు, గడప ముందు మెట్టు మీద ఆగిపోయింది.

"అంత చెక్ చేసినమన్నరు. తొమ్మిది దినాలకు ఎట్ల ఆగింది?" అంజన్ గొంతు పెద్దది చేయలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

రత్నాకర్ మిషన్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. ప్లైవుడ్ సందులోంచి శశికళకు అతని మెడ కనిపిస్తోంది, చెమట కనిపిస్తోంది. "ఎనక ఫిల్టర్ ఉంటది. వారానికోసారి కడగాలె. దుమ్ము పడితె లోపల వేడెక్కి ఆగుతది. మీరు కడగలేదనుకుంట."

"నేను అన్లే?" అంది నవత తమ్ముడితో. "మిషన్ సంగతంత మీ ఆమెనే చూసేది. గది గూడ కడగలే."

"కడిగిన వదినె. ఆదివారం ఆదివారం కడిగిన" అంది భాగ్య మెట్టు మీంచి. ఒకసారే అంది.

అంజన్ తన భార్య వైపూ రత్నాకర్ వైపూ మార్చి మార్చి చూశాడు. అప్పుడు రత్నాకర్, పదకొండేళ్లలో ఎన్నడూ లేనిది, వెనక్కి తిరిగి పిలిచాడు. "శశీ, జర బయటికి రా." వచ్చింది. "గీమె మా ఆమె. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా, ఫస్ట్ క్లాసు. మీ బోర్డు చెక్ చేసింది ఈమెనే. దుకాణంల అన్ని బోర్డులు ఈమెనే చేస్తది. అడుగుండ్రి. బోర్డు మంచిగనే ఉండె గద శశీ? ఫిల్టర్‌దే గద?"

తర్వాత ఎన్నిసార్లో ఆ క్షణాన్ని విప్పి చూసుకుంది శశికళ. భయం వల్ల అన్నానని చెప్పుకుంటే తేలికగా ఉండేది. భర్త పరువు కోసమన్నా కొంత నయమే. కాని అప్పుడు లోపల కదిలింది అది కాదు. చెక్ చేసింది. అన్ని బోర్డులు ఈమెనే చేస్తది. ముగ్గురు బయటివాళ్ల ముందు, వెలుతుర్లో నిలబెట్టి, తన నోటితోనే అన్నాడు. అవతల ఒక మనిషి చచ్చిపోయాడు, మెట్టు మీద ఒక ఆడమనిషి తనవైపే చూస్తోంది, తనకు మాత్రం గుండెల్లో ఒక్క లిప్తపాటు సంతోషమైంది. ఆ సంతోషం ఇంకా ఒంట్లో ఉండగానే నోటివెంట మాట వచ్చేసింది.

"ఔ."

ముగ్గురూ మెట్టు దిగి వెళ్లిపోయారు. ఇంక తమకు పనిలేదని మిషన్ అక్కడే వదిలేశారు.

వాళ్లు పోయాక శశికళ వెనక మూత తీసింది. ఫిల్టర్ చేతిలోకి వచ్చింది. మెత్తగా, దుమ్మన్నది లేకుండా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే సబ్బు వాసన. బోర్డు మీద రెండో కెపాసిటర్ నెత్తి ఉబ్బి, కింద తడి కారి ఉంది. మీటర్ పెడితే అంకె రాలేదు.

"ఫిల్టర్ కడిగే ఉన్నది" అంది రత్నాకర్‌తో.

"ఇప్పుడేం జెయ్యాలంటవ్? డెబ్బై రెండేండ్ల మనిషి, ఎట్లనైన పోయేటోడే. కేసులళ్ల పడాల్నా మనం?" అన్నాడు. గొంతు తగ్గించి, "నేను కావాలని చేసిన్నా శశీ" అన్నాడు. కావాలని చేయలేదు. అది ఆమెకూ తెలుసు.

తర్వాత మూడు వారాల పాటు దుకాణంలో ఆమె పని నత్తనడకన సాగింది. ఒక్కో దాన్నీ మూడుసార్లు కొలిచేది. అన్నం దగ్గర అత్తగారు, "మొన్న మా కొడుకు గిరాకోళ్ల ముందర నిన్ను గొప్పగ చెప్పిండట గద" అని మెచ్చుకోలుగా అంది. శశికళ పీట మీంచి లేచి మంచినీళ్లకు పోయింది.

ఒకనాడు కూతురికి బడి మేజోళ్లు కొనడానికి సుల్తాన్ బజార్‌కు వెళ్లింది. జనంలో ఎవరో మోచేయి పట్టుకున్నారు. భాగ్య. కాస్త అవతల నవత బట్టల బండి దగ్గర బేరమాడుతోంది. భాగ్య ఆమె వీపు వైపు ఒక చూపు చూసి, గొంతు తగ్గించింది.

"అక్కా, ఒక మాట అడుగుత. ఫిల్టర్ సబ్బుతోని కడగొద్దా? ఉత్త నీళ్లతోనే కడగాల్నా? నేను సబ్బుతోని కడిగిన. అందుకేనా?"

శశికళ తల అడ్డంగా ఊపింది.

"మరి సరిగ ఆరకముందే పెట్టిన్నేమో. చెప్పున్రి అక్కా, ఏమనుకోను. ఏం తప్పు చేసిన్నో తెలిస్తె చాలు నాకు." ఇంతలో నవత పిలిచింది. భాగ్య చేయి వదిలేసి వెళ్లిపోయింది.

మేజోళ్లు కొనకుండానే శశికళ ఇంటికొచ్చింది. తను చేసిందేమిటో అప్పుడు పూర్తిగా తెలిసింది. చచ్చిపోయినాయన సంగతి డాక్టర్లకే తేలలేదు. కాని బతికి ఉన్న ఈ మనిషి, కడిగిన ఫిల్టర్‌లో తన తప్పు వెతుక్కుంటూ ఇంకా ముప్పై ఏళ్లు బతకాలి. ఆ ఇంట్లో ఎవరికి కోపమొచ్చినా ఆ మాట బయటికి తీస్తారు. పేరు లేని చాకిరీ ఎట్లా ఉంటుందో తెలిసిన తనే, ఆ చాకిరీకి తప్పు పేరు పెట్టింది. ఒక్క అక్షరంతో.

ఆదివారం పొద్దున వంట చేసి, అత్తగారి పళ్లెం మీద మూత పెట్టి, బయటికి పోతున్నానని మాత్రం చెప్పి బయల్దేరింది. చిరునామా ఆమెకు తెలుసు. మిషన్ తీసుకున్న రోజు కార్డు రాసింది తనే. చాదర్‌ఘాట్‌లో ఆటో దిగి రెండు గల్లీలు నడిచింది. తలుపు తీసింది అంజన్. గదిలో అతని తల్లి కిష్టవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నవత కూరగాయలు తరుగుతోంది. భాగ్య వంటింటి గడప దగ్గర నిలబడింది. ముసలాయన మంచం తీసేశారు, ఆ చోటు ఖాళీగా ఉంది.

కూర్చోమన్నా శశికళ కూర్చోలేదు.

"దుకాణంల నేను అబద్ధం చెప్పిన" అంది. "ఫిల్టర్ కడిగే ఉన్నది. మీరు పొయినంక తీసి చూసిన, సబ్బు వాసన గూడ పోలేదు. ఆగింది బోర్డు వల్ల. దాంట్ల ఒక కెపాసిటర్ సగం పోయి ఉన్నదని ఇచ్చేనాడే చూసిన. ఇయ్యొద్దని ఒకసారి చెప్పిన. రెండోసారి చెప్పలే. బయటికొచ్చి మీకన్న చెప్పొచ్చు, చెప్పలే. భాగ్య తప్పు ఏం లేదు."

నవత చేతిలో కత్తి ఆగింది. "తెలిసి ఎట్లిచ్చిన్రు మరి?"

"అది ఆయన చెప్పాలె. నేను చేసింది నేను చెప్తున్న."

అంజన్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అటే చూస్తూ, "నువ్వొచ్చినట్టు మీ ఆయనకు తెలుసా?" అన్నాడు.

"తెల్వది."

"రేపు నేను కేసు ఏస్తె?"

"ఎయ్యున్రి. ఆడ గూడ గిదే మాట చెప్త."

కిష్టవ్వ అప్పటిదాకా నేల చూపులు చూస్తోంది. తలెత్తి, నెమ్మదిగా అడిగింది. "మరి ఆనాడు ఎందుకు ఔ అన్నవు బిడ్డా?"

ఇంటి నుంచి వచ్చేటప్పుడు శశికళ అన్ని ప్రశ్నలకూ జవాబు అనుకుని వచ్చింది, దీనికి తప్ప. "మా ఆయన నన్ను బయటికి పిలిచిండమ్మా" అంది. "పదకొండేండ్లళ్ల నా పని నాదని చెప్పింది గా ఒక్కనాడే. గందుకే."

ముసలమ్మకు అర్థమైందో లేదో ఆమె మొహంలో తెలియలేదు. శశికళ చెప్పులు వేసుకుని బయటికి వచ్చేసింది.

గల్లీ మలుపు దాకా వచ్చాక వెనక అడుగులు వినిపించాయి. భాగ్య. కొంగుతో మొహం తుడుచుకుంటోంది, కాని ఏడవడం లేదు.

"నా మీద నాకే అనుమానం వచ్చిందక్కా" అంది. "అందరు అనంగ అనంగ, నిజంగనే కడగలేదేమో, కడిగినట్టు అనుకుంటున్ననేమో అనిపించింది. నిన్న పొద్దుగాల గూడ అనిపించింది."

"కడిగినవ్. నా చేతులతోని పట్టి చూసిన."

భాగ్య తల ఊపింది. "మాఫ్ చెయ్యమనకు. ఇప్పుడైతె నాతోని కాదు."

"అడుగను."

"మామ ఒగర్చుకుంట నన్నే చూసిండు" అని, ఆ మాట అక్కడే ఆపేసి భాగ్య ఇంటివైపు తిరిగింది.

శశికళ రోడ్డు మీదికి వచ్చి ఆటో కోసం నిలబడింది. మూసీ వైపు నుంచి వేడిగాలి, బస్సుల పొగ కలిసి వస్తున్నాయి. తేలికపడతానేమో అనుకుని వచ్చింది. అట్లాంటిదేమీ లేదు. మిషన్ ఇచ్చిన ఆ ఆదివారం సాయంత్రం నడవని నాలుగడుగులు అట్లాగే మిగిలి ఉన్నాయి, ఇప్పుడు ఎంత దూరం నడిచొచ్చినా అవి తీరవు. ఫోన్ మోగింది. రత్నాకర్.

"ఏడున్నవ్? అమ్మ అడుగుతుంది."

"చాదర్‌ఘాట్‌ల. భాగ్యోళ్లింట్లకెల్లి వస్తున్న."

అటువైపు టీవీ చప్పుడు ఆగింది. "ఏం చెప్పినవ్?"

"జరిగింది చెప్పిన."

"నీకు దిమాక్ ఉన్నదా? తప్పంత నా మీద ఏసి వచ్చినవా?"

"లేదు. నేను చూసింది, నేను ఊకున్నది, నేను ఔ అన్నది, గంతే చెప్పిన. మీ వంతు మీకే ఇడ్సిపెట్టిన" అంది శశికళ. అతని ఊపిరి వినిపిస్తోంది. ఆమె ఇంకా అంది, గొంతు పెంచకుండా, దారి చెప్పేవాళ్లు చెప్పినంత వివరంగా. "ఆటో దిగినంక రెండో గల్లీ. ఎడమ దిక్కు మూడో ఇల్లు, పచ్చ తలుపు. ఇయ్యాల ఆదివారం, అందరు ఇంట్లనే ఉన్నరు."